అమెరికా విప్లవకథయు మన మాటలును

చరిత్ర మనగా సంఘటనల మూట యని మనవారి తలంపు. ఏ యేట యేమి జరిగినది, ఎవ్వరు గెలిచిరి, ఎవ్వ రోడిరి యని యెఱిగినచో చాలును. ఆ కథను చెప్పుట కే మాట వాడిన నేమి యని పాఠశాలలయందును గృహములయందును నొక నమ్మకము పాతుకొని యున్నది. మాట లన్నచో కావడిబద్ద యనియు, బరువంతయు కుండలలోనే యున్న దనియు దీని కర్థము. బద్ద విఱిగినప్పుడు కుండ లేమగునో కావడి మోసినవాడే యెఱుగును.

1776 జూలై 4వ తేదీ నాటి స్వాతంత్ర్యప్రకటనకు 2026వ సంవత్సరముతో 250 ఏండ్లు. ఆ దేశమున స్థిరపడిన తెలుగువారి బిడ్డలు ఆ కథను బడిలో నాంగ్లమున నేర్చుకొందురు. సెలవులకు వచ్చినప్పుడు తాతలతో అవ్వలతో తెలుగున ముచ్చటింతురు. అక్కడ వారు నేర్చిన మాట యొకటి, ఇక్కడ మన మిచ్చు మాట యింకొకటి. మన బాలుర పుస్తకములలో నా కథను జెప్పు మాటలలో ననేకము తప్పుదారి పట్టించునవే యని నా యభియోగము. తప్పు చిన్నది కాదు. ఎవ్వరి పక్షమున నిలిచి కథ వినుచున్నామో తెలియకుండ జేయు తప్పది.

అందఱు నెఱిగిన దానితో నారంభింతును. ‘బోస్టను తేనీటి విందు’ అని కొందఱు తెనిగించుచున్నారు. ఈ మాట చదివిన గృహిణి కేమి తోచును? పింగాణిగిన్నెలు, పంచదార, పలహారములు, ఇరుగుపొరుగు స్త్రీలు. 1773 డిసెంబరు 16వ తేదీ రాత్రి బోస్టను రేవున జరిగినది విందు కాదు. మూడు ఓడలలో నున్న 342 తేయాకు పెట్టెలను పగులగొట్టి సముద్రమున బాఱబోసిరి. ఆనాటివారు దానిని తేయాకు నాశన మనియే చెప్పుకొనిరి. విందను పరిహాసపు పేరు దాదాపు అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, తాతల సాహసమును మనుమలు ముద్దుగా జెప్పుకొను దినములలో వాడుకకు వచ్చినది. ఆ ముద్దుపేరును మనము తెలుగు చేసికొని, అసలు తగవును మఱచితిమి. తేయాకుమీద పన్ను పెంచిరి గనుక జనులు తిరుగబడిరని వ్రాయువారును గలరు. అదియు సత్యము కాదు. పౌనుకు మూడు పెన్నీల సుంకము 1767 నుండియు నున్నదే. 1773 నాటి శాసనమువలన తేయాకు వెల తగ్గినది, పెరుగలేదు. చవుకగా నమ్మజూపిన దానిని వారు నీట గలుపుట కేమి కారణమో తెలిసికొననివాడు ఆ కథలో నొక్క పుటయు చదివినవాడు కాడు. సుంకమును గ్రహించు నధికారము పార్లమెంటు కున్నదని యొప్పుకొనుట యొకటి, వర్తకమునంతను నొక్క సంఘము చేతిలో బెట్టుట యింకొకటి. ఈ రెంటినే వారు కాదనిరి.

ఆ సంఘ మేదో తెలుగువారికి వేఱుగ జెప్పవలెనా? ఈస్టిండియా కంపెనీయే. పెట్టెలలోని యాకు చీనా దేశపుది. దానిని నమ్మజూపిన చేయి మాత్రము మన మెఱిగినదే. 1765 మార్చిలో అమెరికనుల కాగితములపై ముద్రపన్ను వేయు శాసనము లండనులో పుట్టినది. ఆ యేటి ఆగస్టులోనే ఢిల్లీ పాదుషా ఫర్మానావలన మన ఉత్తర సర్కారులు కంపెనీకి దక్కినవి. 1770 నాటి వంగదేశపు క్షామమును, అచ్చట కంపెనీ నౌకరులు చేసిన దోపిడిని అమెరికను లెఱుగకపోలేదు. జాన్ డికిన్‌సను 1773లో ‘రస్టికస్’ అను మాఱుపేరున వ్రాసిన లేఖలో నీ సంగతులనే యెత్తి చూపి, ఆ కంపెనీ కన్నిప్పుడు తమపై బడినదని స్వజనులను హెచ్చరించెను. ‘తేనీటి విందు’ అను మాటలో నిదంతయు నెక్కడ నున్నది?

ఇక ‘వలస’ యను మాట. దీనిని గూర్చి కొంత యెక్కువగా నడుగవలసి యున్నది. ఇంగ్లీషువారి క్రింద నున్న మన దేశమును ‘వలసరాజ్య’ మందుము. ఇంగ్లీషువారి క్రింద నున్న పదుమూడు అమెరికా సీమలను ‘వలసరాజ్యము’ లందుము. మాట యొక్కటియే గనుక స్థితియు నొక్కటియే యని బాలుడు తలంచును. వాషింగ్టను మనవాడే యను మమకారము పుట్టును. తెలుగున వలస యనగా నేమి? కఱవు వచ్చినప్పుడు మూటముల్లె కట్టుకొని యొకయూరు విడిచి వేఱొకయూరు చేరుట. ఈ యర్థము అమెరికా సీమలకు సరిపోవును. మన దేశమునకు సరిపోదు. ఇంగ్లీషువారు మన దేశమున కేలుటకు వచ్చిరి, మఱలిపోయిరి. అమెరికాకు కాపురమునకు వచ్చిరి, పోలేదు. తిరుగబడినది వలసవచ్చినవారి బిడ్డలు. ఆ కథలో మనవంటివారు వేఱొకచోట నున్నారు. 1763లో నింగ్లండు రాజు అపలేచియను కొండల కావలి భూములను దేశీయజాతులకు విడిచి గీత గీచినప్పుడు, ఆ గీత తమ కడ్డమని వలసవారు మండిపడిరి. ఆ భూములపై నాశ పెట్టుకొన్నవారిలో వాషింగ్ట నొకడు. 1779లో నతని యాజ్ఞ ననుసరించి జనరల్ సల్లివను ఇరొక్వా జాతుల గ్రామములను దాదాపు నలువదింటిని తగులబెట్టి, వారి పంటలను నఱికించెను. ఒనైడాలు అమెరికనుల పక్షముననే పోరాడిరి. తుద కందఱితో బాటు వారును భూమిని గోల్పోయిరి. ఈ జనులను మన పుస్తకములు ‘ఎఱ్ఱ ఇండియను’ లని పిలిచి ఊరకుండును. కొలంబసు దారితప్పిన నాటి పేరును, మన పేరునే, వారికి తగిలించి, వారి స్వంతపేళ్లను చెప్పకపోవుట కంటె వింత గలదా? మొహాకులు, ఒనైడాలు, చెరోకీలు అని వ్రాయుటకు తెలుగులిపి కేమి కొఱత?

ఒక మాట ఇచ్చటనే చెప్పి ముందునకు బోయెదను. 1781 అక్టోబరు 19న యార్కుటౌనులో లొంగిపోయిన సేనకు నాయకుడు కార్న్‌వాలిసు. అయిదేండ్లు గడవకమునుపే యాతడు గవర్నరుజనరలై మన దేశమున దిగెను. 1793లో వంగదేశమునకు శాశ్వతపు పైసలా చేసెను. ఆ పద్ధతియే 1802 నాటి రెగ్యులేషనుతో మన సర్కారుజిల్లాలకు వచ్చి జమీందారులను స్థిరపఱచినది. అక్కడ నోడినవాడు ఇక్కడ నేలెను. ‘స్వాతంత్ర్యసమరవిజయము’ అను సంబరపు మాటను మన వాకిట నిలుచుండి వినునప్పుడు దీనిని మఱువరాదు.

‘కాంగ్రెసు’, ‘రాష్ట్రము’ అను మాటలను గూర్చి రెండే వాక్యములు. 1774లో ఫిలడెల్ఫియాలో చేరిన కాంగ్రెసు పక్షము కాదు, నేటి శాసనసభయు కాదు. వేఱు వేఱు సీమలు పంపిన దూతల కూటమి. 1776లో తమ్ము దాము ‘స్టేటు’ లనుకొన్నవి మన యర్థమున రాష్ట్రములు కావు, తలవంచనొల్లని రాజ్యములు. అవి రాష్ట్రములైన క్రమమే 1787 నాటి రాజ్యాంగకథ.

మన భాషలో నాకు మిక్కిలి బాధ కలిగించునది ‘ప్రజ’ యను మాట. దీనిని దిట్టుటకు నోరు రాదు; అంత చనవైన మాట. ప్రజ యనగా సంతానము. రాజు తండ్రి, ప్రజలు బిడ్డలు. కావుననే మన కావ్యములలో రాజునకు ప్రజలను పాలించుటయు పెంచుటయు నొక్కటియే. ఇంగ్లండును ‘మాతృదేశ’ మని పిలిచినవారి తలంపును నిట్టిదే. థామస్ పెయిను 1776 జనవరిలో వెలువరించిన ‘కామన్ సెన్స్’ అను పుస్తకమున నీ తల్లియను మాటమీదనే దండెత్తి, బిడ్డలపై కత్తి దూసిన తల్లి కా పేరు మఱింత సిగ్గుచేటని వాదించెను. ఆ యేటి వేసవిలో జెఫర్‌సను ప్రకటనకు చిత్తు వ్రాసెను. ఆ చిత్తుప్రతిలో నొకచోట తన దేశస్థులను పేర్కొనుచు, అలవాటుచొప్పున, రాజునకు లోబడినవా రని యర్థమిచ్చు మాటను, అనగా మన ‘ప్రజలు’ అను దానినే, వ్రాసెను. వెంటనే సిరా యారకమునుపే దానిని చెఱపి, ఆ స్థలముననే ‘పౌరులు’ అను నర్థమిచ్చు మాట వ్రాసెను. క్రింది మాట యేదో రెండు శతాబ్దములకు బైగా నెవ్వరికిని తెలియలేదు. 2010లో నమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు వివిధ కాంతులతో నా కాగితమును చిత్రించి, చెఱపిన మాటను బయల్పఱచిరి.

విప్లవ మెచ్చట జరిగినదని యెవ్వరైన నడిగినచో, నేను తుపాకులను చూపను. ఆ చెఱపిన చోటును జూపుదును. బిడ్డలుగా నున్నవారు ఊరివారైరి. ‘పౌరుడు’ అనగా పురమువాడు. ఆంగ్లమునను పట్టణపు పేరునుండియే యా మాట పుట్టినది. ఇంత చక్కగా సరిపోవు మాట మనకుండగా, ప్రకటనను తెనిగించువారు రెంటిని నొక్క ‘ప్రజలు’ అను దానితో ముగించుచున్నారు. జెఫర్‌సను చెఱపిన మాటను మనము మఱల దిద్ది పెట్టుచున్నాము.

పౌరు డన్నంతమాత్రమున నందఱును పౌరులైరని తలంపరాదు. 1790 నాటి శాసనము పరదేశీయులలో తెల్లవారగు స్వతంత్రవ్యక్తులకే యా పేరు నిచ్చినది. ఆ ‘తెల్ల’ యను నొక్క మాటకొఱకు భగత్ సింగ్ థింద్ అను పంజాబీ సుప్రీముకోర్టువఱకు బోయి 1923లో నోడిపోయెను. మన దేశస్థులకు పౌరసత్వపు తలుపు 1946లో గాని తెఱువబడలేదు. నేడచ్చట పౌరులై యున్న తెలుగువారు తమ బిడ్డలకు 1776ను చెప్పునప్పుడు 1790ని దాచినచో, మాటలో సగమే చెప్పినవా రగుదురు.

‘ప్రాతినిధ్యము’ లేని పన్ను కూడదని యమెరికనులు వాదించిరని ప్రతి పుస్తకము చెప్పును. ప్రత్యుత్తరముగా నింగ్లండువా రేమనిరో చెప్పు పుస్తకము లరుదు. ఆ ప్రత్యుత్తరమే మన గృహములకు ముఖ్యము. మాంచెస్టరు, బర్మింగ్‌హాము వంటి పట్టణములకును పార్లమెంటులో సభ్యులు లేరు. ఐనను సభ్యు లందఱు సామ్రాజ్య మంతటి మేలును మనసున నుంచుకొనియే యుందురు. కావున మీకును భావమున ప్రాతినిధ్యమున్న దని వారి వాదము. 1765లో థామస్ వేట్లీ దీనిని పుస్తకముగా వ్రాసెను. దీనిని ‘భావప్రాతినిధ్య’ మందము. మీ మేలు మేమే యెఱుగుదుము, మీరు నోరు మెదపనక్కఱలేదు. ఇదియే దాని సారము. అమెరికనులు దీనిని వినిన మాత్రమున నగిరి, కోపించిరి, తుదకు తుపాకి పట్టిరి.

ఆ 1765లోనే బ్లాక్‌స్టను తన ఇంగ్లీషు ధర్మశాస్త్రవ్యాఖ్యానములలో మొదటి సంపుటము ప్రకటించెను. అందు వివాహమైన స్త్రీకి న్యాయదృష్టిలో వేఱు వ్యక్తిత్వము లేదు. భర్త వ్యక్తిత్వమున నామెది యడగి యుండును. ఆస్తి యతనిది, మాట యతనిది. భావప్రాతినిధ్యమున కింతకంటె నిండైన రూపము కావలెనా? పార్లమెంటు చేసినప్పుడు దౌర్జన్యమైనది భర్త చేసినప్పు డెట్లు ధర్మమైనదో యా వీరులు చెప్పలేదు. 1776 మార్చి 31వ తేదీని అబిగెయిల్ ఆడమ్సు భర్తకు జాబు వ్రాయుచు, క్రొత్త చట్టములు చేయునప్పుడు స్త్రీలను మఱవవల దనియు, భర్తల చేతుల కంతులేని యధికార మీయవల దనియు కోరెను. తమకు నోరులేని చట్టములకు తాము కట్టుబడ మని తిరుగుబాటుభాషనే తిప్పి పలికెను. జాన్ ఆడమ్సు నవ్వి యూరకుండెను. ఆ నవ్వు మన యిండ్లలో నెఱుగనిది కాదు. ‘నీ మేలు నాకు తెలియదా’ యని కూతుతో పలుకు ప్రతి తండ్రియు, ఇంగ్లండు పక్షమున వాదించిన వేట్లీకి శిష్యుడే. అతని గోడమీద వాషింగ్టను పటమున్నను సరే.

న్యూజెర్సీలో నొక వింత జరిగినది. 1776 జూలై 2వ తేదీ నాటి రాజ్యాంగమున వోటరులను ‘పురుషు’ లని వ్రాయక, 50 పౌనుల యాస్తిగల, ఈడువచ్చిన నివాసు లందఱు నని వ్రాసిరి. ఆస్తిగల వితంతువులును అవివాహితలును దానిని చదువుకొని వోటుచేసిరి. 1790 నాటి యెన్నికల శాసనము కొన్ని జిల్లాలకు, 1797 నాటిది సీమ యంతటికి, వోటరును ‘అతడు లేక ఆమె’ యని స్పష్టముగనే పేర్కొన్నది. 1807లో ‘తెల్ల’, ‘పురుష’ అను మాటలు చేర్చి తలుపు మూసిరి. దేశ మంతటను స్త్రీలకు వోటు నిరాకరింపరాదని రాజ్యాంగమున చేరుట 1920లో గాని కాలేదు. ఇంత జరిగిన పిమ్మట, ప్రకటనలోని పురుషవాచకమును మన యనువాదకులు ‘మానవు లందఱు’ అని యుదారముగా తెనిగింతురు. మూల మీయని దానిని మన మిచ్చుట దాతృత్వమే. కాని ఆ దాతృత్వమువలన అబిగెయిల్ జాబు నిరర్థకమగును. మానవు లందఱని యప్పుడే యన్నచో నామె యడిగిన దేమి?

‘విప్లవము’ అను మాటమీద నాకు తగవు లేదు. సంస్కృతమున చెదరగొట్టు వఱదవంటి యుపద్రవమని దాని తొలి యర్థము, నేడు దానికి గౌరవము కలిగినది. తెలుగుమాట ‘తిరుగుబాటు’ అనువైనది, సొగసైనది కూడ. ఆంగ్లపదమునకును తొలి యర్థము తిరుగుటయే. 1775 ఆగస్టులో రాజు వారిని తిరుగుబాటుదారు లని చాటెను. రాజు పలుకునప్పుడు తిరుగుబాటు, వారు పలుకునప్పుడు విప్లవము. ఎవ్వరి నోటి మాటను వారి నోటనే యుంచవలెను. ‘రాజభక్తులు’ అను పేరును నట్లే. దాదాపు అరువదివేలమంది యా పేరుతో నిల్లువాకిలి విడిచి కెనడాకును, ఇంగ్లండునకును, కరీబియను ద్వీపములకును బోయిరి. వారిని ద్రోహు లని వ్రాయువారు, గెలిచినవాని నిఘంటువును తెఱచి కూర్చుండినవారు.

ప్రతి మాటకు నిట్లు పేచీ పెట్టినచో కథ యెవ్వరు చెప్పగలరని కొంద ఱందురు. ఇంకను కొందఱు పండితులు దీనికి మందుగా నోరు తిరుగని క్రొత్త సమాసములను పుట్టింతురు. నేను కోరునది క్రొత్త మాటలు కాదు. ఉన్న మాటలలో సరియైన దానిని సరియైన చోట నుంచుడని మాత్రమే. పౌరుడు, సుంకము, బానిస, నివాసి — వీనిలో నే మాటను తెలుగిల్లా లెఱుగదు?

‘బానిస’ యంటిని గనుక, అన్నింటికంటె పెద్ద చిక్కును తుదకు విప్పెదను. ఇచ్చట మన భాష మూడు మాటలను కలగలిపినది: స్వాతంత్ర్యము, స్వేచ్ఛ, దాస్యము. ఒక రాజ్యము వేఱొక రాజ్యమునకు లోబడకుండుట స్వాతంత్ర్యము. ఒక మనుష్యుడు తన దేహమునకు తానే యజమానియై యుండుట స్వేచ్ఛ. మనలో స్వేచ్ఛకు విచ్చలవిడితన మను నపఖ్యాతి యున్నందున, పెద్దమనుష్యులు రెంటికిని స్వాతంత్ర్య మనియే వ్రాయుదురు. ఫలిత మేమనగా, 1776లో నమెరికాకు స్వాతంత్ర్యము వచ్చెనని చదివిన బాలిక, అచ్చటివా రందఱు స్వతంత్రులైరని తలంచును. ఆనాటి జనసంఖ్య యించుమించు 25 లక్షలు; అందయిదవవంతు బానిసలు. 1790 నాటి తొలి జనాభాలెక్కలో బానిసలు దాదాపు 7 లక్షలు. రాజ్యములు స్వతంత్రము లైనవి, వారు కాలేదు.

‘దాస్యము’ ఇంకను మోసకారి. మనకు దాసుడను మాటలో భక్తి గలదు. దేవునకు దాసుడని పేరు పెట్టుకొందుము. పరపాలనను దాస్య మని దూషింతుము. సంతలో నమ్మబడిన మనుష్యునకును నదే మాట. ఈ కలగాపులగము అమెరికనులకును నుపయోగపడినది. పన్ను కట్టుమన్న మాత్రమున తాము బానిసల మైతి మని కరపత్రములు మొఱలిడినవి. వాషింగ్టను 1774లో నొక మిత్రునకు వ్రాయుచు, లోబడినచో తామేలెడి నల్లవారివలెనే తామును దిగజాఱుదు మని వాపోయెను. ఆ నల్లవారు వ్రాసినవాని పొలములోనే పని చేయుచుండిరి. పన్నుబాధకు ‘పరాధీనత’ యనుడు. అమ్ముడుపోయినవానిని ‘బానిస’ యనుడు. ఈ రెండు మాటలను వేఱుచేసిన నాడే యా జాబులోని ఘోరము తెలుగుపాఠకునకు కనబడును.

1787 నాటి రాజ్యాంగకర్తలు మాటల విలువ మనకంటె నెఱిగినవారు. బానిసత్వమును నిలిపి, బానిసలలో నయిదుగురిని మువ్వురుగా లెక్కించి, పాఱిపోయినవారిని పట్టి యప్పగింపవలె నని విధించి, వారి దిగుమతిని 1808వఱకు ఆపరాదని కట్టడి చేసియు, ‘బానిస’ యను మాటను మాత్ర మెచ్చటను వ్రాయలేదు. ‘ఇతర వ్యక్తులు’, ‘సేవకు బద్ధులైన వ్యక్తులు’ అని దాటవేసిరి. మనుష్యులు సొత్తు కాగల రను భావమును రాజ్యాంగములో నొప్పుకొనుట తగ దని మాడిసను సభలో పలికెను; తప్పని తోచినది భావము కాదు, దానిని వ్రాయుట. బానిసత్వ మను మాట ఆ రాజ్యాంగమున మొదటిసారి కనబడినది 1865లో, దానిని రద్దుచేసిన సవరణయందు.

మాటను మాటగనే పట్టుకొన్న యొకామె యా కాలముననే యుండెను. మసచూసెట్సులో నామెను బెట్ అని పిలిచెడివారు; జాన్ ఆష్లీ యను పెద్దమనుష్యుని యింట బానిస; చదువు రాదు. 1780లో నా సీమ క్రొత్త రాజ్యాంగ మేర్పఱచుకొని, మనుష్యు లందఱు స్వతంత్రులుగను సమానులుగను పుట్టుదు రని మొదటనే వ్రాసికొన్నది. అది వట్టి యలంకార మని వ్రాసినవారిలోనే పలువురి తలంపు. బెట్ ఆ మాటను చెవులార విని, థియొడోర్ సెడ్జ్‌విక్ అను న్యాయవాదియొద్దకు బోయి, ఆ చట్టము నాకును వర్తింపదా యని యడిగెను. 1781 ఆగస్టులో గ్రేట్ బారింగ్టను న్యాయస్థానమున జూరీవా రామె బానిస కాదని తీర్పు చెప్పిరి. ఆ పిమ్మట నామె పేరు మార్చుకొన్నది. ఎలిజబెత్ ఫ్రీమన్ అను పేరుతో కూలిచ్చినచోట పనిచేసి, మంత్రసానిగను రోగులకు సేవచేయుదానిగను పేరొంది, స్వంతముగ నిల్లు కొనుక్కొని, 1829లో మరణించెను. ఫ్రీమన్ అనగా స్వతంత్రపురుషుడు.  మనకు ‘స్వతంత్రురాలు’ ఉన్నది.